పాత సామానుతో బండి బాగుచేసుకుంటే నేరమా?

ప్రశ్న: నాది 2011 మోడల్ వంద సీసీ బండి. పార్సిళ్లు చేరవేసే పని చేస్తాను. ఇంజన్‌లో శబ్దం వస్తోంది, పొగ కొడుతోంది. షోరూంలో చెప్పిన ఖర్చు నేను పెట్టుకోలేను. ఆటోనగర్‌లో అదే మోడల్ పాత ఇంజన్ చాలా తక్కువకు ఇస్తామంటున్నారు. బిగించడం నాకూ మా బావమరిదికీ వచ్చు. సైలెన్సర్ వేరే బండిది వేద్దామనుకుంటున్నాం. పోలీసులు పట్టుకుంటారని కొందరు, ఏమీ కాదని కొందరు చెబుతున్నారు. త్వరలో పదిహేనేళ్లు నిండుతాయి, రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా చేయించాలి. చట్టం ఏమంటుంది?

జవాబు: మీ బండిని మీ ఇంటి ముందు మీరే విప్పి బిగించుకోవడాన్ని ఏ చట్టమూ నిషేధించలేదు. పాత సామాను వాడటాన్నీ నిషేధించలేదు. ముందు ఆ భయం వదిలేయండి. బండి మీద బతికే మనిషికి అది నాలుగు రోజులు మూలనపడితే ఇల్లు గడవదు. దాన్ని తక్కువ ఖర్చుతో మళ్లీ రోడ్డెక్కించుకోవడమే తప్పన్నట్టు ఎవరైనా మాట్లాడితే నాకు బాధేస్తుంది. అయితే చట్టం చూసే సంగతులు కొన్ని ఉన్నాయి. బిగించాక కూడా అది ఆర్‌సీలో ఉన్న బండేనా? ఆ సామాను ఎక్కడినుంచి వచ్చింది? దానివల్ల రోడ్డు మీద ఇంకొకరికి ప్రమాదం ఉందా? మీరు కొనాలనుకుంటున్న ఇంజన్ దగ్గర ఈ ప్రశ్నలన్నీ ఒక్కసారే ఎదురవుతాయి.

మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ బండిలో మార్పుల గురించి చెబుతుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా ఆర్‌సీలోని వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదని దాని సారాంశం. మార్పు అంటే ఏమిటో కూడా అదే సెక్షన్ చెప్పింది: బండి నిర్మాణాన్ని మార్చి, దాని మౌలిక స్వభావాన్నే మార్చేయడం. అరిగిన పిస్టన్, క్లచ్ ప్లేట్లు, చైన్ స్ప్రాకెట్, షాక్ అబ్జార్బర్లు తీసి అదే మోడల్‌వి వేసుకోవడం దీని కిందికి రాదు. అది మరమ్మతు. వంద సీసీ ఇంజన్ తీసి నూట యాభై సీసీది కూర్చోబెట్టడం, చాసిస్ కోసి పొడిగించడం మార్పు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా, తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదని స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఎ సెక్షన్ చేరింది. అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చు. బండికి రెండు మార్పులు చేస్తే జరిమానా కూడా రెండింతలవుతుందన్నది గమనించండి.

అదే మోడల్ ఇంజనే కదా అంటారు. మోడల్ ఒకటే అయినా నంబరు వేరు. ఆ నంబరు మీ ఆర్‌సీలో ఉంది. కాబట్టి ఇంజన్ మొత్తం మార్చాలంటే ముందుగా మీ ఆర్టీఓ కార్యాలయంలో దరఖాస్తు చేసి అనుమతి తీసుకోవాలి. మార్చాక కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. ఇది చేయకుండా పదిహేనేళ్ల రెన్యువల్‌కు వెళితే చిక్కు అక్కడే మొదలవుతుంది. రెన్యువల్‌కు ముందు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు చూస్తారు. ఆర్‌సీతో కలవకపోతే కాగితం ముందుకు కదలదు. ఆ పాత ఇంజన్ ఏ దొంగ బండిదో అయితే, మీ రెన్యువల్ దరఖాస్తు పోలీసు కేసుగా మారుతుంది.

మీ పరిస్థితిలో నేనిచ్చే సలహా ఇది. ఇంజన్ నంబరు చెక్కి ఉండేది దాని బయటి గుల్ల మీద, అంటే ఇంజన్ కేసు మీద. పొగ, శబ్దం చాలాసార్లు బోరు, పిస్టన్ రింగులు, హెడ్, క్రాంక్ బేరింగుల వల్ల వస్తాయి. నంబరున్న కేసు పగలకుండా ఉంటే దాన్ని అలాగే ఉంచి, లోపలి సామాను మాత్రం పాతదో కొత్తదో వేసుకోండి. బోరింగ్ పని లేత్ షాపులో చేయించుకోవచ్చు. అప్పుడు మీ ఇంజన్ నంబరు మారదు, అనుమతి అక్కర్లేదు, ఖర్చూ తగ్గుతుంది. కేసే పగిలిపోతేనే ఇంజన్ మొత్తం మార్చే ఆలోచన చేయండి. ఒక్క పని మాత్రం ఎవరు ఎంత చెప్పినా చేయకండి: కొత్త కేసు మీది నంబరు గీకేసి మీ పాత నంబరు కొట్టించడం. ‘రెండు వందలిస్తే అయిపోతుంది’ అని చెప్పేవాళ్లు దొరుకుతారు. అది బండి గుర్తింపును మార్చడం. ఆ తర్వాత అది మీ బండేనని మీరు ఏ కోర్టులో చెప్పినా నమ్మించడం కష్టం.

ఇక సామాను ఎక్కడిదన్న ప్రశ్న. విజయవాడ ఆటోనగర్‌లోనో, చెన్నై పుదుపేటలోనో పాత సామాను అమ్మేవాళ్లలో నిజాయితీగా వ్యాపారం చేసేవాళ్లు ఎందరో ఉన్నారు. ప్రమాదంలో చితికిన బండ్లు, బీమా కంపెనీలు వేలం వేసినవి, తుక్కుకిచ్చినవి కొని విప్పి అమ్ముకుంటారు. దొంగ బండ్లను గంటల్లో విడగొట్టి అమ్మేసే చోట్లూ ఉన్నాయి. మీరట్‌లోని సోతీగంజ్ ఆ పేరుతోనే అపఖ్యాతి పాలైంది, 2021లో పోలీసులు ఆ బజారును మూయించారు. కొనేవాడికి ఈ రెండు రకాల దుకాణాల్లో తేడా చూసి తెలియదు. చేతికొచ్చిన కాగితాన్ని బట్టే తెలుస్తుంది.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 317వ సెక్షన్ దొంగ సొత్తు గురించి చెబుతుంది. దొంగ సొత్తని తెలిసి, లేదా అలా అనుకోవడానికి తగిన కారణం ఉండి కూడా, దురుద్దేశంతో కొన్నవారికి మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ‘తగిన కారణం’ అన్న మాటే మీకు కీలకం. నంబరు గీకి ఉన్న ఇంజన్, బిల్లు ఇవ్వనన్న మనిషి, మార్కెట్‌లో నాలుగో వంతు ధర - ఇవన్నీ కోర్టులో మీకు వ్యతిరేకంగా నిలబడతాయి. తెలియక కొన్నానని రుజువైతే శిక్ష పడకపోవచ్చు, కానీ వస్తువు మాత్రం మీకు దక్కదు. అమ్మినవాడికి లేని హక్కు కొన్నవాడికి రాదని వస్తు విక్రయ చట్టం, 1930లో 27వ సెక్షన్ చెబుతోంది. అసలు యజమానికి అది వెళ్లిపోతుంది, డబ్బు కోసం మీరు అమ్మినవాడి వెంట పడాలి.

అందుకే ఏది కొన్నా చీటీ తీసుకోండి. దుకాణం పేరు, తేదీ, వస్తువు, ధర ఉండాలి. ఇంజన్ లాంటి నంబరున్న వస్తువైతే ఆ నంబరు, అది ఏ బండిది, ఆ బండి ఆర్‌సీ నకలు కూడా అడగండి. డబ్బు ఫోన్ ద్వారా పంపితే ఆ లావాదేవీ కూడా సాక్ష్యమే. బండి చోరీకి గురైనట్టు నమోదైందో లేదో జాతీయ నేర గణాంకాల సంస్థ నడిపే వాహన్ సమన్వయ్ సేవలో ఇంజన్, చాసిస్ నంబర్లతో వెతికి చూసుకోవచ్చు. మీరు తీసేసిన పాత కేసు విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. మీ నంబరున్న ఆ కేసు రేపు ఎవరి బండికి ఎక్కుతుందో మీకు తెలియదు. తుక్కుకు వేస్తే రసీదు తీసుకుని దాచండి.

ఒకవేళ పోలీసులు అనుమానంతో సామాను స్వాధీనం చేసుకుంటే గొడవ పడకండి. స్వాధీన పంచనామా నకలు అడగండి, చీటీలు చూపండి. ఏడేళ్ల లోపు శిక్ష పడే ఇలాంటి కేసుల్లో అరెస్టు తప్పనిసరి కాదు. ముందు నోటీసు ఇచ్చి పిలిపించే విధానం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షన్‌లో ఉంది. కేసు తేలేదాకా బండి స్టేషన్ ఆవరణలో ఎండకు వానకు పాడైపోనక్కర్లేదు, తాత్కాలికంగా మీకు అప్పగించమని మేజిస్ట్రేట్ కోర్టులో దరఖాస్తు చేసుకోవచ్చు.

సైలెన్సర్ గురించి. మీ మోడల్‌దే అయి, చిల్లు పడకుండా ఉన్న పాతది వేసుకోండి. వేరే బండిది, ముఖ్యంగా లోపలి జాలీ తీసేసినది వద్దు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు దాటితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద మొదటిసారే పది వేల రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, లైసెన్సుపై మూడు నెలల అనర్హత ఉన్నాయి. కొత్త ఇంజెక్షన్ బండ్లకు ఖర్చు తప్పించుకోవడానికి కార్బురేటర్ బిగిస్తున్నవారూ ఈ మాట గుర్తుంచుకోవాలి. పెట్రోలు బండిని బ్యాటరీ బండిగా మార్చాలనుకుంటే ఆమోదం పొందిన కిట్ వాడి, ఆర్‌సీలో నమోదు చేయించాలి. వెనక చక్రానికుండే చీర గార్డు, కూర్చునేవాళ్లు పట్టుకునే పిడి నిబంధనల ప్రకారం ఉండాల్సినవే. బరువు తగ్గుతుందని తీసి పక్కన పెట్టకండి.

ఇక బ్రేకులు. ఇక్కడ మాత్రం దయచేసి పొదుపు చేయకండి. బ్రేక్ షూలు, ప్యాడ్లు, కేబుళ్లు, టైర్లు పాతవి కొనొద్దు. లోపం ఉందని తెలిసి, లేదా మామూలు జాగ్రత్తతో చూస్తే తెలిసేదే అయి ఉండి, బండిని రోడ్డెక్కిస్తే 190(1) సెక్షన్ కింద పదిహేను వందల వరకు జరిమానా. ఆ లోపం వల్ల ఎవరికైనా గాయమైతే మూడు నెలల వరకు జైలు గానీ, అయిదు వేల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ప్రాణం పోతే న్యాయ సంహిత 106వ సెక్షన్ వస్తుంది, అందులో శిక్ష అయిదేళ్ల వరకు ఉంది. బిగించింది మీరే కాబట్టి ‘మెకానిక్ తప్పు’ అనడానికీ ఉండదు.

బీమా సంగతి చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. థర్డ్ పార్టీ బాధితుడికి పరిహారం ఎగ్గొట్టడానికి బీమా కంపెనీ చూపగల కారణాలను మోటారు వాహనాల చట్టంలోని 150వ సెక్షన్ లెక్కపెట్టి చెప్పింది. పాత సామాను వేశారన్నది వాటిలో లేదు. మీ సొంత బండి నష్టానికి కట్టే బీమా వేరు. బండిని మంచి స్థితిలో ఉంచాలన్నది ఆ పాలసీ షరతు, కాబట్టి చెప్పకుండా ఇంజన్ మార్చి ఉంటే కంపెనీ అభ్యంతరం పెడుతుంది. ఆర్‌సీలో ఎక్కించిన మార్పును కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి.

వారంటీ ఉన్న బండ్లవారికి ఒక మాట. స్పేర్ పార్ట్‌లు బయట దొరకనివ్వని 14 కార్ల కంపెనీలపై కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో ఇచ్చిన ఆదేశంలో, బయటి మెకానిక్ దగ్గరికి వెళ్లాడన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేసే షరతు పెట్టొద్దని ఉంది. అది కార్ల కేసు, పైకోర్టుల దాకా వెళ్లింది. అయినా వాదనకు పనికొస్తుంది.

పాత సామాను కొని మోసపోయినా మీరు వినియోగదారులే. రన్నింగ్ కండిషన్ అని చెప్పి పనికిరానిది అంటగడితే 1915కు ఫోన్ చేయండి. రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, మీరుండే చోటనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు. పోలీసు కేసో, కోర్టు నోటీసో వచ్చి లాయరుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, ఆదాయ పరిమితి లోపున్నవారికి లాయరును ఉచితంగా ఇస్తారు. ఆ సహాయానికి ఫోన్ నంబరు 15100.