కణాలకు పండగ సెలవులుండవు

కంట్లో సున్నం పడినా, యాసిడ్ చిమ్మినా నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు కాలిపోతాయి. కార్నియా పైపొరను ఎప్పటికప్పుడు కొత్తగా తయారుచేసేవి అవే. అవి పోతే తెల్లగుడ్డు మీది పొర రక్తనాళాలతో సహా కార్నియా మీదికి పాకి చూపును మూసేస్తుంది. అప్పుడు ఎవరో దానం చేసిన కార్నియాను తెచ్చి అమర్చినా నిలవదు. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో డాక్టర్ వీరేందర్ సంగ్వాన్, డాక్టర్ గీతా వేముగంటి బృందం 2001 ప్రాంతంలో దీనికి ఒక చికిత్స మొదలుపెట్టింది. బాగున్న కంటి అంచు నుంచి సుమారు 2 మిల్లీమీటర్ల కణజాలం తీసి, సన్నగా తరిగి, కాన్పు తర్వాత సేకరించిన ఉమ్మనీటి సంచి పొర మీద పెంచేవారు. రెండు వారాల్లోపే కణాలు పొరంతా పరుచుకునేవి. దాన్ని దెబ్బతిన్న కంటికి అతికించేవారు. 2011లో ప్రచురించిన 200 కళ్ల ఫలితాల్లో 71 శాతం సఫలమయ్యాయి.

ఆపరేషన్ చేసిన డాక్టర్ పేరు పత్రికల్లో వస్తుంది. ఆ రెండు వారాలూ కణాలను కనిపెట్టుకుని ఉన్నవాళ్ల పేర్లు పెద్దగా ఎవరికీ తెలియవు. ఇప్పుడు చెప్పుకోబోయేది వాళ్ల ఉద్యోగం గురించే.

మూలకణాల కల్చర్ అన్న పేరు గంభీరంగా ఉన్నా, ఈ పనిలో ముప్పాతిక వంతు శుభ్రత, ఓపిక. 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉండే ఇంక్యుబేటర్‌లో ఫ్లాస్కులుంటాయి. పొద్దున రాగానే ఒక్కోటీ తీసి వెలుతురులో చూస్తారు. కణాలను పెంచే పోషక ద్రవంలో, అంటే మీడియాలో, కలిపిన ఫినాల్ రెడ్ రంగును బట్టే సగం సంగతి తెలిసిపోతుంది. ఎర్రగా ఉంటే ఫరవాలేదు. పసుపుకు తిరిగితే ఆమ్లం పెరిగినట్టు, మీడియా మార్చే వేళైనట్టు. పసుపుతో పాటు మడ్డిగా కూడా ఉంటే బ్యాక్టీరియా చేరిందన్నమాట, ఆ ఫ్లాస్కులో బ్లీచ్ పోసి పారేయాల్సిందే. మైకోప్లాస్మా అంతకంటే మొండిది. మీడియా తేటగానే ఉంటుంది, మామూలు మైక్రోస్కోపుకు ఏమీ కనిపించదు. పీసీఆర్ వంటి పరీక్ష చేస్తేనే బయటపడుతుంది.

ఫ్లాస్కు అడుగు 70, 80 శాతం నిండాక కణాలను ట్రిప్సిన్‌తో ఊడదీసి కొత్త ఫ్లాస్కుల్లోకి పలచగా పంచుతారు. దీన్నే పాసేజింగ్ అంటారు. నారు ముదరకముందే పీకి నాటినట్టు, ఇక్కడా అదను ముఖ్యం. ఎముక మజ్జ నుంచి తీసే మీసెంకైమల్ మూలకణాలకు రెండు మూడు రోజులకోసారి మీడియా మార్చినా సరిపోతుంది. మామూలు శరీర కణాలను వెనక్కి తిప్పి మూలకణాల్లా మార్చిన ఐపీఎస్ కణాల దగ్గర ఆ వెసులుబాటు తక్కువ. జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనాకా 2006లో చిట్టెలుక కణాలతో, 2007లో మనిషి కణాలతో తయారుచేసి చూపినవి ఇవే. 2012లో ఆయనకు నోబెల్ వచ్చింది కూడా వీటికే. చాలా ల్యాబుల్లో వీటికి రోజూ మీడియా మారుస్తారు. ఆదివారమైనా, సంక్రాంతైనా ఎవరో ఒకరు రావాల్సిందే. ఆ డ్యూటీ ఎవరిదన్న పంచాయితీ తెగని ల్యాబులున్నాయి!

రీసెర్చ్ ల్యాబులో పెంచడం ఒక ఎత్తు, రోగి ఒంట్లోకి ఎక్కించడానికి పెంచడం మరో ఎత్తు. రెండోదాన్ని మందుల తయారీగానే చూడాలి. క్లీన్ రూమ్‌లోకి ఒళ్లంతా కప్పే సూటు వేసుకునే వెళ్తారు. ఏ బాటిల్ ఏ లాట్‌ది, ఎన్నింటికి తెరిచారు, ఎవరు తెరిచారు, ఎవరు చూశారు అన్నీ బ్యాచ్ రికార్డులో ఎక్కాలి. రాయని పని చేయనట్టే లెక్క. స్టెరిలిటీ, ఎండోటాక్సిన్, క్రోమోజోముల పరీక్షలు దాటితేనే బ్యాచ్ బయటికి వెళ్తుంది. అందుకే బీఫార్మసీ, మైక్రోబయాలజీ చదివినవాళ్లు ‘మాకేం సంబంధం’ అనుకోనక్కర్లేదు. నా ఉద్దేశంలో క్వాలిటీ కంట్రోల్, క్వాలిటీ అష్యూరెన్స్ విభాగాలకు వాళ్లే చక్కగా అతుకుతారు.

ఇలాంటి తయారీ మన దేశంలోనూ జరుగుతోంది. కాళ్ల రక్తనాళాలు మూసుకుపోయే బ్యూర్గర్ వ్యాధికి బెంగళూరు కంపెనీ స్టెంప్యూటిక్స్ తయారుచేసిన మూలకణాల మందుకు 2016లో పరిమిత అనుమతి వచ్చింది. ఐఐటీ బాంబేలో పుట్టిన ఇమ్యునోయాక్ట్ కంపెనీ తెచ్చిన, రక్త క్యాన్సర్లకు వాడే కార్-టీ చికిత్సకు 2023లో అనుమతి లభించింది. కార్-టీలో వాడేవి మూలకణాలు కావు, రోగి తెల్ల రక్తకణాలు. అయినా క్లీన్ రూమ్ పద్ధతులూ చేతి పనితనమూ చాలావరకు ఒకటే కాబట్టి ఉద్యోగం వెతికేటప్పుడు రెండింటినీ కలిపే చూడండి.

చదువు దారి తెలిసిందే. బైపీసీ తర్వాత బీఎస్సీ, ఆపైన బయోటెక్నాలజీలోనో లైఫ్ సైన్సెస్‌లోనో ఎమ్మెస్సీ. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం సాయంతో నడిచే పీజీ సీట్లకు గాట్-బీ రాయాలి. పరిశోధన వైపు వెళ్లాలంటే సీఎస్ఐఆర్ నెట్ వంటి పరీక్షలో జేఆర్ఎఫ్ తెచ్చుకోవాలి. 2023 నుంచి ఆ ఫెలోషిప్ నెలకు 37 వేల రూపాయలు. హైదరాబాద్‌లో సీసీఎంబీ, బెంగళూరులో ఇన్‌స్టెమ్, వేలూరు సీఎంసీలో మూలకణ పరిశోధన కేంద్రం, పుణెలో ఎన్‌సీసీఎస్ గుర్తుపెట్టుకోవాల్సిన పేర్లు. ఉత్పత్తి, క్యూసీ కొలువులకు పీహెచ్‌డీ అక్కర్లేదు, ఎమ్మెస్సీ చాలు.

ఎల్వీ ప్రసాద్ సంస్థ కథలో రెండో భాగం ఉంది, కొత్తగా వచ్చేవాళ్లు దాన్ని తెలుసుకోవాలి. 2012లో అదే సంగ్వాన్ బృందం మరో పద్ధతిని ప్రచురించింది. కంటి అంచు నుంచి తీసిన ముక్కలను ల్యాబుకు పంపకుండా, ఆపరేషన్ టేబుల్ మీదే ఉమ్మనీటి సంచి పొర పరిచిన కంటిపై జిగురుతో అతికించారు. కణాలు కంట్లోనే పెరిగాయి. ల్యాబు ఖర్చు, రెండోసారి ఆపరేషన్ తప్పాయి. రోగికి ఇంతకన్నా ఏం కావాలి? కానీ ఆ ఒక్క కల్చర్ పద్ధతినే నమ్ముకుని కూర్చున్న టెక్నీషియన్ సంగతి? స్టెరైల్ పనితనం, కణాలను ఫ్రీజ్ చేయడం, లెక్కించడం, ఫ్లో సైటోమెట్రీ, రికార్డులు రాయడం వచ్చినవాళ్లు కంటి కణాల నుంచి కార్-టీకి మారగలరు. ఏదో ఒక వ్యాధి పేరుతో కెరీర్ కట్టుకోకండి.

ఇంకో విషయం కుండబద్దలు కొట్టి చెప్పాలి. ఆటిజానికీ పక్షవాతానికీ మూలకణాల ఇంజెక్షన్ అంటూ బోర్డులు పెట్టే క్లినిక్కులు ఎక్కువ జీతం చూపిస్తాయి. ఐసీఎంఆర్, బయోటెక్నాలజీ విభాగం 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఎముక మజ్జ మార్పిడి వంటి నిరూపిత చికిత్సలు మినహా మిగతావి అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్స్‌లోనే జరగాలి. ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబరు చూపించలేని చోట ఉద్యోగంలో చేరకండి.

వేలకు వేలు ఫీజు కట్టి చేసే వారం రోజుల సర్టిఫికెట్ కోర్సుల్లో చాలావాటికి నేను మార్కులు వేయను. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ల్యాబు వెతుకుతున్నారా? డబ్బు కట్టేముందు అక్కడి సీనియర్లను పక్కకు పిలిచి అడగండి: ఫ్లాస్కు నా చేతికిస్తారా, పక్కన నిలబడి చూడమంటారా? మైకోప్లాస్మా పరీక్ష చివరిసారి ఎప్పుడు చేశారు? ఇంక్యుబేటర్ ఎవరు, ఎన్నాళ్లకోసారి కడుగుతారు? రెండో ప్రశ్నకు వాళ్లు మొహమొహాలు చూసుకుంటే మరో ల్యాబు చూసుకోండి.