1564: ఒక్క ఏడాదిలో ఎన్ని పుట్టుకలు, ఎన్ని చావులు!



సోషల్ పుస్తకంలో 'పునరుజ్జీవనం' పాఠం మనకు తెలుసు. యూరప్‌లో సుమారు 14 నుండి 16వ శతాబ్దం వరకు కళలు, సైన్సు, చదువు కొత్తగా చిగురించిన కాలం అది. ఆ పాఠంలో తేదీలు బట్టీ పడతాం, పరీక్ష అయిపోగానే మరిచిపోతాం. అందుకని నేనొక పద్ధతి పట్టాను. ఒకే సంవత్సరం తీసుకుని, ఆ ఏడు ఎవరు పుట్టారు, ఎవరు పోయారు అని చూశాను. ఆ సంవత్సరం 1564.

పుట్టినవారు

ఫిబ్రవరి 15న ఇటలీలోని పీసా నగరంలో గెలీలియో పుట్టాడు. తండ్రి సంగీతకారుడు. ఈయన 1610లో దూరదర్శినితో చూసి, గురు గ్రహం చుట్టూ నాలుగు చందమామలు తిరుగుతున్నాయని కనిపెట్టాడు. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుందన్నందుకు 1633లో మత న్యాయస్థానం శిక్ష వేసింది. 1642లో చనిపోయేదాకా ఇంట్లోనే నిర్బంధంలో ఉన్నాడు.

ఇంగ్లాండులో చేతి తొడుగులు కుట్టే ఒకాయన కొడుకు షేక్స్పియర్. ఈయన పుట్టినరోజు ఎక్కడా రాసి లేదు. ఏప్రిల్ 26న బాప్తిస్మం ఇచ్చినట్టు స్ట్రాట్‌ఫర్డ్ చర్చి రిజిస్టరులో ఉంది. ఆ వేసవిలోనే ఆ ఊరికి ప్లేగు వచ్చింది, చాలామంది చనిపోయారు. ఆ పసివాడు మాత్రం బతికాడు. లేకుంటే హామ్లెట్ నాటకం ఉండేదే కాదు!

మరణించినవారు

గెలీలియో పుట్టిన మూడు రోజులకే, ఫిబ్రవరి 18న, రోములో మైకెలాంజిలో కన్నుమూశాడు. వయసు 88 ఏళ్లు. చివరి రోజుల దాకా ఉలి వదల్లేదు. ఆయన నమూనా గీసిన సెయింట్ పీటర్ చర్చి గుమ్మటం 1590లో గానీ పూర్తి కాలేదు. ఈ ఇద్దరి సమాధులూ ఇప్పుడు ఫ్లోరెన్సులో ఒకే చర్చిలో ఉన్నాయి.

మే 27న మత సంస్కర్త కాల్విన్ జెనీవాలో మరణించాడు. మనిషి శరీరాన్ని కోసి, లోపల ఏముందో బొమ్మలతో 1543లో పుస్తకం వేసిన వెసాలియస్ కూడా ఈ ఏడాదే, యాత్ర నుండి తిరిగొస్తూ, ఒక గ్రీకు దీవిలో పోయాడు.

మన దేశంలో

అదే ఏడాది జూన్ 24న రాణి దుర్గావతి వీరమరణం పొందింది. ఆమె పుట్టిల్లు చందేల రాజవంశం, మెట్టినిల్లు గోండు రాజవంశం. భర్త దళపత్ షా చనిపోయాక, చిన్నవాడైన కొడుకు తరఫున గఢా-మండ్ల రాజ్యాన్ని ఏలింది. అది నేటి మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్ ప్రాంతం. అక్బరు సేనాని ఆసఫ్ ఖాన్ దండెత్తి వస్తే ఏనుగెక్కి యుద్ధం చేసింది. బాణాలు తగిలాక, శత్రువు చేతికి చిక్కకూడదని కటారితో పొడుచుకుని ప్రాణం విడిచింది. 1983లో జబల్‌పూర్ విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు.

తర్వాతి ఏడాది, 1565 జనవరిలో, తళ్లికోట యుద్ధంలో విజయనగరం ఓడిపోయింది.

ఒక ఆలోచన

ఇవన్నీ మనకెలా తెలిశాయి? ఎవరో ఒకరు రాసి పెట్టారు కాబట్టి. దుర్గావతి ధైర్యాన్ని రాసింది అక్బరు కొలువులోని అబుల్ ఫజలే, అంటే గెలిచిన వాళ్ల మనిషి. ఆమె వెంట నిలబడి చచ్చిపోయిన గోండు సైనికుల పేర్లు మాత్రం మనకు తెలియవు.

మా బాపును నా పుట్టినరోజు అడిగితే, "జొన్నలు కోసేటప్పుడు పుట్టినవ్ బిడ్డా" అంటాడు. రిజిస్టరులో జూన్ అని ఉంది. మనలో చాలామంది జూన్‌లోనే పుట్టినట్టు ఉంటుంది! ఇందులో సిగ్గుపడేది ఏమీ లేదు. లెక్కలు ఒక్కోచోట ఒక్కో రకం. అప్పట్లో ఫ్లోరెన్సు వాళ్లకు కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది. వాళ్ల లెక్కలో మైకెలాంజిలో పోయింది 1563లో. 1940లో ప్రాణమిచ్చిన కొమరం భీంను జోడేఘాట్‌లో ఆశ్వయుజ పున్నమి నాడు తలుచుకుంటారు. పున్నమి కూడా ఒక తేదీయే.

కాని పెద్దవాళ్లు పోతే వాళ్లతో పాటు ఆ గుర్తులూ పోతాయి. కాబట్టి దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు అవ్వనో తాతనో అడగండి: మన ఊరికి రోడ్డు ఏ ఏడు వచ్చింది? పెద్ద కరువు ఎప్పుడు? నేను పుట్టిన ఏడు ఏం జరిగింది? రాసుకొని తీసుకురండి. వార్డెన్ గారు ఒక పెద్ద నోటుబుక్కు ఇప్పిస్తే అన్నీ అందులో ఎక్కిద్దాం.

చెప్పుకోండి చూద్దాం

1. గెలీలియో పుట్టాక ఎన్ని రోజులకు మైకెలాంజిలో మరణించాడు?
2. షేక్స్పియర్ గురించి రిజిస్టరులో ఉన్న తేదీ దేనిది?
3. రాణి దుర్గావతి ఎవరి సేనానితో పోరాడింది?

(జవాబులు: 1. మూడు, 2. బాప్తిస్మం, 3. అక్బరు)