కుందేలుకి లంఖణం మందు కాదు

విజయవాడ

చిరంజీవి అమ్మలుకి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నీ కుందేలు దూదికి గర్భసంచి తీసే ఆపరేషన్ చేయించి ఇంటికి తెచ్చానని ఫోన్లో చెబుతుంటే నీ గొంతు వణికింది. నేను చెప్పినవి ఆ కంగారులో చెవికెక్కాయో లేదో అని రాసి పంపుతున్నాను. దగ్గర పెట్టుకో.

ముందు నీ మనసులోని బాధ సంగతి. నోరులేని జీవాన్ని అనవసరంగా కోయించానా అన్నావు. అలా అనుకోకు తల్లీ. వయసు పెరిగేకొద్దీ ఆడ కుందేళ్లకి గర్భసంచి క్యాన్సర్ రావడం చాలా ఎక్కువ, 3, 4 ఏళ్లు దాటాక మరీను. ఈ ఆపరేషన్‌తో ఆ గండం తప్పించావు. ఇక ఈ 10 రోజులూ దాన్ని కనిపెట్టుకుని ఉండాలి.

మన ఇళ్లల్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా పెద్దవాళ్లు ‘లంఖణం పరమౌషధం’ అంటారు. దూది విషయంలో ఆ మాట పక్కన పెట్టు. కుందేలు పేగులు ఎప్పుడూ కదులుతూనే ఉండాలి. పీచు లోపలికి పోవడం ఆగితే ఆ కదలిక మందగిస్తుంది, గ్యాస్ పట్టేస్తుంది, పొట్ట నొప్పెడుతుంది. నొప్పెడితే అసలే తినదు. అలా ఒకదానికొకటి తోడై గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. కుందేలుకి వాంతి చేసుకోవడం చేతకాదు కాబట్టి ఆపరేషన్‌కి ముందు కూడా దాన్ని రాత్రంతా పస్తు ఉంచరు.

మీ అన్నయ్య చిన్నప్పుడు మా ఇంట్లోనూ ఒక తెల్ల కుందేలుండేది. ఆపరేషన్ చేయించి తెచ్చిన రాత్రి మూలన ముడుచుకుని కూర్చుంది. మత్తింకా దిగలేదు పాపం, పడుకోనిద్దాం అనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నానికి పొట్ట డోలులా బిగిసిపోయింది. డాక్టరు దగ్గరికి చేరేసరికి ఒళ్లు చల్లబడింది. దక్కలేదు. ఆ రాత్రంతా నేను కుట్లే చూశాను. కింద పరిచిన పాత చీర చూసి ఉంటే తెలిసేది, దాని మీద ఒక్క పెంటిక కూడా లేదని.

అందుకే చెబుతున్నాను, కుట్లకంటే ముందు పెంటికలు చూడు. మొదటి రోజు చిన్నవిగా, తక్కువగా వేస్తే కంగారు పడకు. 12 గంటల్లో ఏమీ తినకపోయినా, ఒక్క పెంటికా వేయకపోయినా తెల్లారనిద్దాం అనుకోవద్దు, వెంటనే డాక్టరుకి ఫోన్ చెయ్యి.

ఎండుగడ్డి ఎప్పుడూ దాని ముందుండాలి. కొత్తిమీర, పుదీనా, గరిక కడిగి మూతి దగ్గర పట్టు. ఆ వాసనకైనా కొరుకుతుంది. అయినా ముట్టకపోతే డాక్టరుని అడిగి, రోజూ పెట్టే పెల్లెట్లే గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి జావలా చేసి సిరంజితో పట్టు. ముందుపళ్ల వెనక, బుగ్గ పక్క నుంచి కొద్దికొద్దిగా పట్టాలి. గుటక వేశాకే మళ్లీ పట్టు. వెల్లకిలా తిప్పి పట్టావంటే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

కుందేలు నొప్పిని దాచుకుంటుంది. అడవిలో నీరసంగా కనబడితే వేటాడే జంతువు కన్ను దానిమీదే పడుతుంది, ఆ భయం ఇంట్లో పెరిగినా పోదు. ముడుచుకుని కూర్చున్నా, కళ్లు సగం మూసినా, పళ్లు గట్టిగా నూరుతున్నా నొప్పిగా ఉందని తెలుసుకో. బాగానే గెంతుతోంది కదా అని డాక్టరు రాసిన నొప్పి మందు మధ్యలో ఆపకు. ఇంట్లో ఉన్న మన మాత్రలేవీ వేయకు. మనం మామూలుగా మింగే అమాక్సిసిలిన్ కూడా కుందేలు కడుపులోకి వెళితే పేగుల్లోని మంచి సూక్ష్మజీవులను చంపి ప్రాణం తీస్తుంది.

మత్తు వల్ల మొదటి రాత్రి ఒళ్లు చల్లబడుతుంది. వేడినీళ్ల సీసాకి గుడ్డ చుట్టి ఒక పక్కన పెట్టు, వేడెక్కువైతే దూరం జరగడానికి చోటుండాలి. ఆ తర్వాత మాత్రం ఎండ తగలనివ్వకు, కుందేలు వేడికి తట్టుకోలేదు. రంపంపొట్టు తీసేసి మెత్తటి తువ్వాలు పరువు. సోఫా మీదికి, మంచం మీదికి ఎగరకుండా చూడు. రోజుకి రెండుసార్లు గాయం చూడు. ఎర్రగా వాచినా, చీము కారినా, కుట్టు ఊడినా డాక్టరుకి చూపించు. ఎత్తేటప్పుడు వెనక కాళ్ల కింద చెయ్యి తప్పనిసరిగా ఉండాలి. గట్టిగా తన్నుకుంటే దాని నడుమే విరగొచ్చు. స్నానం చేయించకు. కుట్లు కొరకకుండా మెడకి వేసే కోన్ డాక్టరు చెబితే తప్ప తగిలించకు. కుందేలు తన మెత్తటి పెంటికలను నేరుగా నోటితో అందుకుని తింటుంది, అందులోనే దానికి కావలసిన విటమిన్లుంటాయి. కోన్ ఉంటే అందుకోలేదు.

ఈ రాత్రి అలారం పెట్టుకుని ఒక్కసారి లేచి చూడమ్మా. తువ్వాలు మీద నాలుగు పెంటికలు కనబడితే అర్ధరాత్రైనా సరే, నాకు మెసేజ్ పెట్టు. అది చూసేదాకా నాకు నిద్ర పట్టదు.

ఇట్లు
మీ పెద్దమ్మ