ఆ పొర మందమైతే సంతానంపై ఆశ వదులుకోవాలా?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. పెళ్లై ఐదేళ్లయినా పిల్లల్లేరు. రెండుసార్లు వీర్యపరీక్ష చేయిస్తే శుక్రకణాలు అసలు లేవన్నారు. బయాప్సీ రిపోర్టులో ‘బేస్‌మెంట్ మెంబ్రేన్ మందంగా ఉంది, కొన్ని గొట్టాల్లో హైలినైజేషన్’ అని రాశారు. చిన్నప్పుడు కుడి వృషణం కిందికి దిగలేదని తొమ్మిదో ఏట ఆపరేషన్ చేశారు. ఆ పొర పలచబడటానికి మందులున్నాయా? ఇంట్లో ఇవేవీ తెలియక అందరూ నా భార్యనే అంటున్నారు.
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: ముందు ఇంట్లోవాళ్లకు సంగతి మీరే చెప్పండి. ఏ తప్పూ లేకుండా ఆమె ఇన్నాళ్లూ మాటలు పడుతోంది. ఇక ఒక్కరోజు కూడా పడకూడదు.

వృషణం నిండా వెంట్రుకలంత సన్నని గొట్టాలుంటాయి. శుక్రకణాలు తయారయ్యేది వాటిలోనే. ఒక్కో గొట్టం చుట్టూ వడపోత గుడ్డలాంటి పలచని పొర ఉంటుంది. నాలుగో రకం కొలాజెన్, లామినిన్ వంటి ప్రొటీన్ల అల్లిక అది. తల్లి కడుపులో ఏడో వారం ప్రాంతంలో వృషణం రూపు దిద్దుకునేటప్పుడు లోపలి సెర్టోలి కణాలు, బయటి కండర కణాలు కలిసి దీన్ని నిర్మిస్తాయి. శుక్రకణాలకు మూలమైన కణాలు ఈ పొరను ఆనుకునే బతుకుతాయి. రక్తనాళాలు గొట్టం లోపలికి వెళ్లవు, పోషణంతా ఈ పొర దాటే అందాలి. గొట్టం దెబ్బతిన్నప్పుడు కొలాజెన్ పేరుకుని పొర మందమవుతుంది. దాంతో మిగిలిన కణాలకు పోషణ ఇంకా కష్టమవుతుంది. చివరికి కణాలన్నీ పోయి గొట్టం గాజులా బిగుసుకుపోతుంది. హైలినైజేషన్ అంటే అదే. దాన్ని వెనక్కి తిప్పే మందు ఇప్పటికి లేదు. ఉందని ఎవరైనా పొడులు, క్యాప్సూళ్లు అమ్మితే కొనకండి.

అయితే మీ రిపోర్టులో ‘కొన్ని గొట్టాల్లో’ అన్న మాట ముఖ్యం. ఈ నష్టం వృషణమంతా ఒకేలా ఉండదు. పాడైన గొట్టాల పక్కనే పనిచేసే గొట్టం ఉండొచ్చు. మైక్రోస్కోప్ కింద అలాంటివాటిని వెతికి శుక్రకణాలు తీసే మైక్రో టీసే పద్ధతి ఉంది. దొరికితే, శుక్రకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే ఇక్సీ ద్వారా గర్భం కోసం ప్రయత్నించవచ్చు. దొరకని వాళ్లూ ఉంటారు, ఆ మాట దాచను.

నన్ను ఆలోచనలో పడేసింది మరొకటి. ఒక వృషణం దిగకపోయినా రెండోది బాగుంటే సాధారణంగా పిల్లలు పుడతారు. మరి మీ ఎడమది ఎందుకు పనిచేయడం లేదు? అందుకే ఆపరేషన్ మాట ఎత్తేముందు ఎఫ్‌ఎస్‌హెచ్, టెస్టోస్టెరాన్, క్యారియోటైప్, వై క్రోమోజోమ్ మైక్రోడిలీషన్ పరీక్షలు చేయించండి. ఒక ఎక్స్ క్రోమోజోమ్ అదనంగా ఉండే క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్‌లో వృషణం దిగకపోవడం, యుక్తవయసు నుంచి గొట్టాలు ఇలా బిగుసుకుపోవడం రెండూ కనిపిస్తాయి. దాదాపు 600 మంది మగపిల్లల్లో ఒకరికి ఉండే ఈ స్థితి చాలామందిలో పిల్లలు కలగడంలేదని వచ్చేదాకా బయటపడదు. అందులోనూ మైక్రో టీసేతో శుక్రకణాలు దొరికినవాళ్లున్నారు. వై క్రోమోజోమ్‌లో ఏజడ్‌ఎఫ్-ఎ భాగం పూర్తిగా లోపిస్తే మాత్రం ఆపరేషన్ వృథా.

శక్తి కోసమంటూ ఎవరైనా టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు ఇస్తామంటే ఒప్పుకోవద్దు. అవి ఉన్న కాస్త శుక్రకణాల తయారీని కూడా ఆపేస్తాయి. దిగని వృషణంలో క్యాన్సర్ ముప్పు మామూలు కంటే ఎక్కువ కాబట్టి, నెలకోసారి స్నానం చేసేటప్పుడు తడిమి చూసుకోండి. గట్టి గడ్డ తగిలితే వెంటనే యూరాలజిస్టును కలవండి.

ప్రశ్న: మా బాబుకు ఎనిమిది నెలలు. ఎడమవైపు బీజం తగలడం లేదు. పెద్దయ్యాక అదే దిగుతుందని మా అత్తయ్య అంటున్నారు.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: దిగేదైతే సాధారణంగా ఆరు నెలల్లోపే దిగుతుందమ్మా. వృషణానికి ఒంటి వేడి కంటే రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉండాలి. పైనే ఉండిపోతే మొదటి ఏడాది దాటేసరికే మూలకణాలు తగ్గడం మొదలవుతుంది. బాబును ఈ వారమే పిల్లల సర్జన్‌కు చూపించండి. ఆపరేషన్ అవసరమైతే ఏడాదిలోపు, ఆలస్యమైనా ఏడాదిన్నరలోపు చేయించాలి.