ముల్లు కదలని మీటరు, మసకేసిన కన్ను

ఆరోగ్య ప్రశ్నోత్తరాలు

తాతల నాటి రీలు కెమెరాలు మళ్లీ అటకల మీద నుంచి దిగుతున్నాయి. రేపల్లె, తెనాలి, బాపట్ల వైపు నుంచి ఈమధ్య వచ్చిన కొన్ని ఉత్తరాలు చదివితే, ఇవి డాక్టరుకు రాసినవా, కెమెరా మెకానిక్కుకు రాసినవా అనిపించింది. తీరా చూస్తే చాలావాటిలో ముద్దాయి ఒకటే: లైట్ మీటరును నడిపే బిళ్ల సెల్. అది మీటరు చేత తప్పు చెప్పిస్తుంది, కారితే కన్ను కాలుస్తుంది, పసిపిల్లల గొంతులో పడితే ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ఈసారి జవాబులన్నీ ఆ ఉత్తరాలకే.

ప్రశ్న: నా వయసు 68. రేపల్లెలో చాలా ఏళ్లు స్టూడియో నడిపాను. మనవడు ముచ్చట పడితే, పైనుంచి తొంగి చూసే రెండు లెన్సుల కెమెరా బయటికి తీసి కొత్త సెల్ వేశాను. మీటరు ముల్లు బాగానే కదులుతోంది. కానీ అది చెప్పినట్టు తీస్తే ఫొటోలన్నీ నల్లగా వస్తున్నాయి. నా కంటికేమో వెలుతురు సరిపోయినట్టే ఉంటోంది. రాత్రిళ్లు మాత్రం ఎదురొచ్చే బళ్ల లైట్లు చెదిరిపోయి కళ్లు జిగేలుమంటున్నాయి. మీటరు పోయిందని మా అబ్బాయి, కళ్లు పోయాయని మా ఆవిడ. ఎవరి మాట నిజం?
– ఒక పాఠకుడు, రేపల్లె

జవాబు: ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. అదృష్టం కొద్దీ రెండూ సాధారణంగా బాగుపడేవే.

ముందు మీటరు. యాషికా మ్యాట్ 124జీతో సహా ఆ కాలపు కెమెరాలు చాలావరకు 1.35 వోల్టుల పాదరసం సెల్‌కు లెక్కగట్టి చేసినవి. ఇప్పుడు అదే సైజులో దొరికే ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టులు ఇస్తుంది. ఎక్కువ వోల్టేజీ అందిన ముల్లు, ఉన్న వెలుతురు కన్నా ఎక్కువ ఉందని చూపిస్తుంది. మీరు దాన్ని నమ్మి లెన్సు సన్నం చేస్తారు, ఫొటో నల్లబడుతుంది. పైగా ఆల్కలైన్ సెల్ వాడేకొద్దీ వోల్టేజీ కొంచెం కొంచెంగా పడిపోతుంది కాబట్టి తప్పు కూడా రోజుకో రకంగా ఉంటుంది. పెంటాక్స్ స్పాట్‌మాటిక్ లాంటి కొన్నిటిలో సర్క్యూట్ అమరిక వేరు, వాటికి ఈ తేడా అంతగా పట్టదు.

థర్మామీటరు మీద అనుమానం వస్తే ఏం చేస్తాం? జ్వరం లేని మనిషికి పెట్టి చూస్తాం. మీటరుకు ఆ మనిషి మిట్టమధ్యాహ్నపు ఎండ. మబ్బు లేని రోజున, ఫిల్ము వేగం చూపే ఏఎస్ఏ చక్రాన్ని 100 దగ్గర పెడితే, ఎపర్చరు 16కు షట్టరు 1/125 దరిదాపుల్లో రావాలి. సూర్యలంక సముద్రతీరపు ఇసుక మీద అయితే ఎపర్చరు 22 అన్నా ఆశ్చర్యం లేదు. ఈ పరీక్షకు ముందు ఏఎస్ఏ చక్రం సరైన అంకె మీద ఉందో లేదో చూసుకోండి. ఎండలో సరిగ్గా చూపి నీడలో తప్పితే, లేదా అటూ ఇటూ అయితే, లోపం సెల్‌లో కన్నా మీటరు లోపలే ఉండే అవకాశం ఎక్కువ. రెండుచోట్లా ఒకే వైపు తప్పుతుంటే సెల్ మార్చి చూడండి. వినికిడి యంత్రాల్లో వేసే 675 నంబరు జింక్-ఎయిర్ సెల్ 1.4 వోల్టులు ఇస్తుంది, చివరిదాకా దాదాపు నిలకడగా ఉంటుంది. చిన్నది కాబట్టి చుట్టూ ఒక రబ్బరు వాషరు కావాలి. సెల్‌కు అంటించి ఉన్న కాగితం ఊడదీసి, కాసేపు గాలి తగలనిచ్చి వేయండి. ఒకసారి ఊడదీశాక వాడినా వాడకపోయినా కొద్ది వారాల్లో అయిపోతుంది.

ఇక కన్ను. వెలుతురు కొలిచే పనికి కన్నును సాక్షిగా పిలవకండి. ఎర్రటి ఎండలో లక్ష లక్స్ వెలుతురు ఉంటే, నడింట్లో రెండు మూడు వందలకు మించదు. వందల రెట్లు తగ్గినా కన్ను సర్దుకుపోయి ‘కాస్త నీడగా ఉంది’ అని ఊరుకుంటుంది. ఈ సర్దుబాటు గుణం వల్లే శుక్లం కూడా ముదిరేదాకా తెలియదు. వయసుతో కంటిపాప చిన్నదవుతుంది, లోపలి లెన్సు పసుపెక్కుతుంది. అరవై ఏళ్ల వారి రెటీనాకు చేరే వెలుతురు ఇరవై ఏళ్ల వారితో పోలిస్తే సుమారు మూడో వంతే. ఎదురు లైట్లు చెదిరిపోవడం శుక్లానికి తొలి గుర్తుల్లో ఒకటి. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి చేసే పరీక్ష, కంటి ఒత్తిడి పరీక్ష, రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోండి. శుక్లం తీయించుకున్నాక తెల్ల పంచె నీలం పెట్టినట్టు కనబడుతోందని చాలామంది అంటారు. ఫొటోగ్రాఫరుగా మీకు ఆ తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

ప్రశ్న: నా వయసు 24. మీటరు అసలు కదలకపోతే సెల్ గూడు తెరిచాను. సెల్ కారి తెల్లగా, పచ్చగా చిలుము పట్టింది. గోటితో గీకి, మరిచిపోయి అదే చేత్తో కన్ను నులుముకున్నాను. గంటసేపు మంట. అమ్మమ్మ ఆముదం చుక్క వేసింది. మంట తగ్గింది గానీ రెండు రోజులైనా కన్ను ఎర్రగానే ఉంది.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఈ జవాబు చదివేదాకా ఆగి ఉంటే, ఇక ఆగకుండా ఈరోజే కంటి డాక్టరుకు చూపించండి. సెల్ నుంచి కారేది పొటాషియం హైడ్రాక్సైడ్, అంటే గాఢమైన క్షారం. గాలి తగిలి ఎండితే తెల్ల పొడి అవుతుంది. రాగి, ఇత్తడి తగిలినచోట పచ్చబడుతుంది. తాంబూలంలో వేసే సున్నం కంట్లో పడితే ఎంత ప్రమాదమో మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఇదీ ఆ జాతిదే. ఆమ్లం పడితే పైపొర గడ్డకట్టి కొంత అడ్డుకుంటుంది, క్షారం పొరలను కరిగించుకుంటూ లోపలికి దిగుతుంది. ఒక రంగు చుక్క వేసి నల్లగుడ్డు మీద గాయం ఉందేమో చూస్తారు. ఒక మాట గుర్తుంచుకోండి: క్షారం పడ్డ కన్ను ఎర్రబడకుండా పాలిపోయి తెల్లగా కనిపిస్తే తగ్గిందనుకోవద్దు. రక్తనాళాలు మాడిపోయినా అలాగే ఉంటుంది.

ఇకముందు ఎవరికైనా ఇలా జరిగితే చేయాల్సింది ఒక్కటే. రెప్పలు విప్పి పట్టుకుని, ధారగా మంచినీళ్లు కనీసం అరగంట పోయాలి, ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లాలి. ఆముదం, చనుబాలు, నిమ్మరసం ఏవీ వేయకూడదు.

కెమెరా సంగతి: చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు పెట్టుకుని సెల్ తీసేయండి. ఇయర్ బడ్‌కు వెనిగర్ కాస్త తడి చేసి చిలుము తుడవండి, తర్వాత స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. గూట్లో ఏదీ నేరుగా పోయకూడదు. శుభ్రం చేసి కొత్త సెల్ వేసినా ముల్లు కదలకపోతే, చిలుము లోపలి తీగ దాకా పాకి ఉండవచ్చు. అప్పుడు తీగ మార్చి టంకం పెట్టించాలి, అది మెకానిక్కు పని. వాడకుండా పెట్టేటప్పుడు సెల్ తీసి దాచుకుంటే ఈ బాధే ఉండదు.

ప్రశ్న: తాతగారి డబ్బాలో ‘పీఎక్స్ 625’ అని రాసిన పాత సెల్స్ నాలుగు దొరికాయి. ఒకటి ఉబ్బి ఉంది. కాస్త వేడి చేస్తే మళ్లీ పనిచేస్తాయని ఒకరన్నారు. పనికిరాకపోతే కాలువలో పడేయవచ్చా?
– ఒక పాఠకుడు, బాపట్ల

జవాబు: వేడీ వద్దు, కాలువా వద్దు. అవి పాదరసం సెల్స్. వేడి చేస్తే పేలవచ్చు, పాదరసం ఆవిరి వెలువడవచ్చు. అది ఊపిరితిత్తుల ద్వారా రక్తంలోకి, మెదడుకి, మూత్రపిండాలకి చేరుతుంది. నీళ్లలో కలిస్తే మిథైల్ పాదరసంగా మారి చేపల్లో పేరుకుంటుంది. జపాన్‌లోని మినమాటాలో 1956లో బయటపడ్డ జబ్బుకు కారణం అదే: ఒక రసాయన కర్మాగారం సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల ద్వారా మనుషుల నరాలను దెబ్బతీసింది. ఆ ఊరి పేరుతోనే 2013లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది, 2018లో మన దేశమూ ఆమోదించింది. మీ కెమెరాకు ఆ సెల్ ఇప్పుడు దొరకకపోవడం వెనుక ఉన్నది ఇలాంటి కట్టడులే. నాలుగు సెల్స్‌తో ఊరు మునిగిపోదు. కానీ మన కాలువ నీళ్లు చివరికి చేపలుండే చోటికే వెళతాయి.

కారని సెల్‌ను చేత్తో పట్టుకున్నందుకు భయం లేదు. నాలుగింటినీ మూత బిగుతుగా ఉండే డబ్బాలో వేసి, పైన పేరు రాసి, పిల్లలకు అందకుండా పెట్టి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు సేకరించే వారికి ఇవ్వండి. ఉబ్బినదాన్ని గుచ్చి చూడవద్దు.

ప్రశ్న: మా మామగారు కెమెరా కోసం, అత్తగారు చెవి మిషన్ కోసం ఇంట్లో బిళ్ల సెల్స్ తెచ్చి పెడుతున్నారు. మా బాబుకి రెండేళ్లు. ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటాడు. ఎప్పుడైనా మింగితే ఏం చేయాలి?
– ఒక తల్లి, చెరుకుపల్లి

జవాబు: మింగకముందే అడిగారు, చాలా మంచి పని చేశారు. రూపాయి బిళ్ల మింగితే తరచూ దానంతట అదే బయటికి వస్తుంది. సెల్ అలా కాదు. అన్నవాహికలో ఇరుక్కుంటే అక్కడి తడిలో కరెంటు పారి, పైన చెప్పిన క్షారమే పుడుతుంది. రెండు గంటల్లోనే గోడ కాలుతుంది. పాత సెల్ అయినా అంతే: కెమెరాను నడపలేనిది కూడా గొంతును కాల్చగలదు. 20 మిల్లీమీటర్ల లిథియం బిళ్లలు అన్నిటికన్నా ప్రమాదం. కెమెరా సెల్, చెవి మిషన్ సెల్ వాటికన్నా చిన్నవే అయినా పసిపిల్లల గొంతు ఇంకా చిన్నది.

మింగినట్టు అనుమానం వచ్చినా సరే, దగ్గో వాంతో వచ్చేదాకా చూడకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. వాంతి చేయించవద్దు, అరటిపండు, అన్నం ముద్ద లాంటివి పెట్టవద్దు. ఏడాది నిండిన బిడ్డ అయితే, మింగి 12 గంటలు దాటకపోతే, మింగగలుగుతుంటే, దారిలో పది నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె ఇవ్వవచ్చు, ఆరుసార్లకు మించకుండా. ఏడాది లోపు బిడ్డకు తేనె వద్దు. తేనె కోసం వెతుకుతూ బయల్దేరడం ఆలస్యం చేయవద్దు. ఎక్స్‌రేలో సెల్ అంచు రెండు గీతలుగా కనిపిస్తుంది, దాన్నిబట్టి నాణెం కాదని గుర్తుపడతారు. అన్నవాహికలో ఉంటే ఎండోస్కోపీతో తీయాలి. మీ ఊరి నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి గంటకు పైగా ప్రయాణం కాబట్టి ఆ సౌకర్యం దగ్గరలో ఎక్కడుందో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి. ముక్కులో, చెవిలో దూర్చుకున్నా ఇదే తొందర. చుక్కల మందులు వేయకూడదు.

ప్రశ్న: నాకు 35 ఏళ్లు. పొద్దుగూకే వేళ రేవులో పడవల ఫొటోలు తీస్తుంటాను. ఎండలో బాగుండే మీటరు ఆ వేళకు మొద్దుబారుతోంది. చిత్రంగా నాకూ అప్పుడు దారి సరిగా కనబడటం లేదు. చిన్నప్పటి నుంచీ కొంత ఉంది, ఇప్పుడు ఎక్కువైంది. అమ్మానాన్నలది మేనరికం.
– ఒక పాఠకుడు, నిజాంపట్నం

జవాబు: మీటరుది చాలావరకు పుట్టుక గుణం. కాడ్మియం సల్ఫైడ్ మీటరు మసక వెలుతురులో నెమ్మదిగా కదులుతుంది, ఎండను చూసి వస్తే కాసేపు ఆ ఎండనే తలుచుకుంటుంది. నీడలో కాసేపు ఉంచి అప్పుడు చూడండి. సెల్ అక్కర్లేని సెలీనియం రకమైతే మసక వెలుతురులో ముల్లును లేపే శక్తే దానికి తక్కువ.

మీ కన్నుకు మాత్రం ఈ సాకు చెల్లదు. ఆరోగ్యమైన కన్ను కూడా చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై ముప్ఫై నిమిషాలు తీసుకుంటుంది. అయితే సంజ వేళ దారి తప్పేంతగా ఉంటే అది రేచీకటి. దానికి విటమిన్ ఎ లోపం ఒక్కటే కారణం కాదు. చిన్నప్పటి నుంచీ ఉండి, పెరుగుతూ, ఇంట్లో మేనరికం ఉన్నప్పుడు రెటినైటిస్ పిగ్మెంటోసా అనే వంశపారంపర్య జబ్బు లేదని తేల్చుకోవాలి. మాత్రలు కొని మింగకుండా రెటీనా నిపుణుడికి చూపించండి. పక్కనుంచి వచ్చే మనుషులు తగిలేదాకా కనబడటం లేదా, మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో ఎవరికైనా ఇలాగే ఉందా అన్నది ఆయనకు తప్పక చెప్పండి. ఆ పరీక్ష అయ్యేదాకా చీకటి పడ్డాక రేవు అంచున నిలబడి ఫొటోలు తీయకండి, బండి నడపకండి.