బొమ్మకు ముందు వార్త

నరసరావుపేట

చిరంజీవి అమ్మాయికి, మాస్టారు ఆశీర్వదించి రాయునది.

విజయపురి సౌత్ గురుకులంలో తెలుగు టీచరుగా చేరావన్న నీ కబురు నాకు చాలా సంతోషం కలిగించింది. చదువుకున్న ఊళ్లోనే చదువు చెప్పే భాగ్యం అందరికీ దొరకదు తల్లీ. తరగతి వార్తలు పిల్లలతోనూ, వాళ్ల ఇళ్లవాళ్లతోనూ ఎలా పంచుకోవాలి, శనివారం సాయంత్రాలు పాత సినిమాలు చూపిస్తే పిల్లలు కుదురుగా కూర్చుంటారా అని అడిగావు. నువ్వు రెండు ప్రశ్నలుగా అడిగావు గానీ, ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను వాటిని ఒక్క పనిగానే చేశాను. అందుకే కలిపి రాస్తున్నాను.

మా కాలంలో హాల్లో బొమ్మకు ముందు న్యూస్‌రీల్ పడేది. 1948లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఫిల్మ్స్ డివిజన్ వాళ్లు వాటిని తీసి దేశమంతా పంపేవారు. అది వేయకుండా సినిమా వేస్తే హాలు లైసెన్సుకే ముప్పు. ఎక్కడివో వరదలు, ఎవరో కడుతున్న ఆనకట్టలు, పెద్దవాళ్ల ప్రయాణాలు తెర మీద నలుపూ తెలుపుల్లో కదిలిపోయేవి. చాలామంది అది అయిపోయాకే లోపలికి వచ్చేవాళ్లు. నాకు మాత్రం అది చూడకపోతే సినిమా సగమే చూసినట్టుండేది. జరిగినదాన్ని చూసిన కళ్లతోనే కల్పించినదాన్నీ చూస్తే, దీన్ని ఎవరు చూపిస్తున్నారు, ఎందుకిలా చూపిస్తున్నారు అన్న ప్రశ్న పిల్లల్లో దానంతటదే పుడుతుంది. తరగతిలోనూ నేను ఆ వరసే పెట్టాను. శనివారం ముందు వార్తలు, తర్వాత బొమ్మ. నువ్వూ ఆ వరస మార్చకు.

వార్తలు నువ్వు రాయవద్దు, పిల్లలచేత రాయించు. ఒక డ్రాయింగ్ షీటు, నాలుగు స్కెచ్ పెన్నులు ఉంటే గోడపత్రిక తయారవుతుంది. వారానికి ఇద్దరు విలేకరులను పెట్టు. ఒకరు చకచకా రాసేవారైతే రెండోవారు పెన్ను పట్టడానికి జంకేవారై ఉండాలి. పంద్రాగస్టు అయిన మర్నాడు ‘వేడుకలు ఘనంగా జరిగాయి’ అని రాసుకొస్తారు. పేపర్లలో చదివి చదివి వార్త అంటే అదేనని వాళ్లకు అలవాటైపోయింది. వెనక్కి పంపెయ్. జెండా తాడు ఎవరు కట్టారు, ఎన్ని గంటలకు మొదలైంది, వాన వస్తే ఎటు పరుగెత్తారు, మిఠాయి చివరి వరసదాకా అందిందా, ఇవి కనుక్కుని రమ్మను. విన్నమాట అయితే ఇద్దరిని అడిగి ఖాయం చేసుకోందే గోడకెక్కకూడదు. చూసింది ముందు రాయాలి, అనిపించింది తర్వాత. నేను నేర్పిన చదువంతా ఈ ఒక్క మాటలోనే ఉంది.

నాగార్జునసాగర్ గట్టునున్న బడికి వార్తల కరవు రాదు. వానాకాలంలో జలాశయం మట్టం ఉంది. నిండితే 590 అడుగులు. పేపర్లో రోజూ వచ్చే ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో క్యూసెక్కుల లెక్క రోజుకొక పిల్లవాడు బోర్డు మూలన రాస్తే లెక్కల టీచరు కూడా నీకు తోడు నిలుస్తారు. 26 గేట్లూ ఎత్తిన రోజు డ్యామ్ మీదికి వచ్చే జనాన్ని అందరూ చూస్తారు. కుడి కాలువకు నీళ్లు వదిలారన్న కబురు విలువ మాత్రం మిర్చి వేసుకున్న ఇంటి పిల్లకే తెలుస్తుంది. గోడపత్రికలో పై వరస దానిదే కావాలి. తండాల నుంచి వచ్చిన పిల్లలు శ్రావణంలో తీజ్ పండగ గురించి చెప్పేటప్పుడు వాళ్ల లంబాడీ మాటలతోనే మొదలుపెట్టనీ. ఆ మాటల్ని తెలుగు లిపిలో రాయించి కింద అర్థం రాయించు. ఇది తెలుగు టీచరు చేయాల్సిన పనా అని ఎవరైనా అడిగితే, ముమ్మాటికీ అవునని చెప్పు.

ఒక్క వార్తకు మాత్రం ఆలస్యం పనికిరాదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ మధ్యకాలమంతా యంత్రాల కన్నా ఎక్కువగా మనుషుల చేతులే రాళ్లు మోసి ఆ కట్టను లేపాయి. నువ్వున్న ఊరు ఆ పని కోసం పుట్టిన కాలనీ. రాయి మోసిన తరంలో ఇప్పుడు మిగిలినవాళ్లు కొద్దిమందే. పిల్లల్ని వాళ్ల దగ్గరికి పంపు. రోజుకూలి ఎంత ఇచ్చేవారు, వంటనీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకునేవారు, పనిలో దెబ్బ తగిలితే ఎవరు చూసేవారు అని అడిగి రాసుకోమను. పాఠ్యపుస్తకాల్లో ఆనకట్ట పొడవూ ఎత్తూ దొరుకుతాయి, ఇవి దొరకవు.

ఇళ్లవాళ్ల కోసం వాట్సాప్ గ్రూపు పెడతానన్నావు, మంచిదే. గోడపత్రిక ఫొటో తీసి పంపు. మార్కులు మాత్రం అందులో పెట్టకు. జబ్బుపడిన పిల్ల సంగతి, తప్పు చేసి నిలబడ్డవాడి ఫొటో, ఇవేవీ గ్రూపులోకి రాకూడదు. అటువంటివి ఫోన్ చేసి ఆ ఇంటివాళ్లకే చెప్పాలి. కోతలకు వలస వెళ్లిన తల్లి ఎక్కడో చేలో నిలబడి చిన్న ఫోన్లో ఆ గ్రూపు తెరుస్తుంది. తన బిడ్డ రాసిన నాలుగు వరసలు ఆమెకు కనబడాలి. చదువురానివాళ్ల కోసం విలేకరి గొంతుతోనే ఆ వార్త చదివించి వాయిస్ మెసేజ్ కూడా పెట్టు.

ఇక బొమ్మ సంగతి. మొదట 1947 నాటి ‘పల్నాటి యుద్ధం’ వెయ్యి. ‘మాయాబజార్’తో మొదలుపెట్టమని నీకు చాలామంది చెబుతారు. అది గొప్ప సినిమా, కాదనను. కానీ ఆ సినిమా టీచరు లేకపోయినా పిల్లల్ని కూర్చోబెట్టుకుంటుంది. ‘పల్నాటి యుద్ధం’ చూడటానికి వాళ్లకు నువ్వు కావాలి.

దాన్ని మొదలుపెట్టినవారు గూడవల్లి రామబ్రహ్మం. సినిమాల్లోకి రాకముందు ఆయన పత్రికల మనిషి, ‘ప్రజామిత్ర’కు సంపాదకులు. 1938లో అంటరానితనం మీద ‘మాలపిల్ల’, 1939లో జమీందారీ పెత్తనం మీద ‘రైతుబిడ్డ’ తీశారు. అలాంటివారు ఎనిమిది వందల ఏళ్లనాటి గురజాల, మాచర్ల దాయాదుల పోరును ఎందుకు ఎంచుకున్నారు? దళితుడైన కన్నమదాసు చేతికి కత్తి ఇచ్చి సేనలో ముందు నిలబెట్టినవాడు, కులాలన్నిటినీ చాపకూటికి ఒకే వరసలో కూర్చోబెట్టినవాడు మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడు. ‘మాలపిల్ల’ తీసిన మనిషి ఆ చాప దగ్గరికి రావడం నాకు సహజంగానే తోస్తుంది. సినిమా పూర్తికాకముందే 1946లో ఆయన కన్నుమూశారు. మిగిలింది ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేశారు. గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడు, కన్నాంబ గురజాల మంత్రి నాగమ్మ, అప్పటికింకా కుర్రవాడైన అక్కినేని నాగేశ్వరరావు బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు. వార్తలు రాసే పిల్లలకు, వార్తలు రాసి సినిమాలు తీసినవారి పని చూపించడం కన్నా తగిన మొదలు నాకు తోచదు.

మొదటి పావుగంట పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. మాటలు నాటకం ఫక్కీలో సాగుతాయి, మధ్యలో పద్యాలు అందుకుంటారు, బొమ్మ మీద గీతలుంటాయి, ధ్వని గరగరలాడుతుంది. గదిమి కూర్చోబెట్టవద్దు. ఒక శనివారం ముప్పావుగంటకు మించి వేయకు. వేసేముందు బోర్డు మీద పల్నాడు పటం గీయి. నలగామరాజు గురజాల, మలిదేవుడి మాచర్ల, నాగులేటి ఒడ్డున పోరు జరిగిన కారంపూడి, చివరికి బ్రహ్మనాయుడు వెళ్లిపోయాడని చెప్పే గుత్తికొండ బిలం, అన్నీ గుర్తుపెట్టించు. ఇంటికి పోయేటప్పుడు వాళ్లెక్కే బస్సుల బోర్డుల మీద ఉండే పేర్లే అవి. మాచర్ల చెన్నకేశవస్వామి గుడికి వాళ్లలో సగంమంది వెళ్లే ఉంటారు. అది తెలిశాక నవ్వు తగ్గి చూపు నిలుస్తుంది.

దీపం వేయగానే ‘ఎలా ఉంది?’ అని అడగకు. ‘ఏం చూశావు?’ అని అడుగు. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరు నిలబడి మాట్లాడారు, కోడిపందెం గెలిచినప్పుడు ఎవరి ముఖం చూపించారు? గోడపత్రికకు పెట్టిన నియమమే ఇక్కడా.

ఆ తర్వాత 1966 నాటి ‘పల్నాటి యుద్ధం’ తెచ్చుకో. గుత్తా రామినీడు దర్శకత్వంలో ఎన్.టి. రామారావు బ్రహ్మనాయుడు, భానుమతి నాగమ్మ. రెండు సినిమాల్లోంచి ఒకే ఘట్టాన్ని తీసుకుని వెంటవెంటనే చూపించు. కథ ఒకటే, ఇద్దరు నాగమ్మలూ ఒకరు కారు. ఒక మాట తేడా, ఒక చూపు తేడా పిల్లలు నీకన్నా ముందే పట్టుకుంటారు. ఇదే కథను శ్రీనాథుడు ద్విపదలో చెప్పాడని, అంతకుముందు నుంచీ వీరవిద్యావంతులు పాడుతూ వచ్చారని అప్పుడు చెప్పు. జీన్ రోఘేర్ అనే అమెరికా పరిశోధకుడు అలిసెట్టి గాలెయ్య నోట ఆ పాట విని రాసుకుని 1982లో ఇంగ్లీషు పుస్తకంగా తెచ్చాడు. ఒక్క యుద్ధానికి ఇందరు చెప్పేవాళ్లున్నప్పుడు, ఎవరు ఎవరి పక్షాన చెబుతున్నారని అడగకుండా ఏ పిల్లా ఉండలేదు.

అక్కడే అసలు పని పెట్టు. తరగతిని రెండుగా చెయ్యి. సగంమంది గురజాల విలేకరులు, సగంమంది మాచర్ల విలేకరులు. కోడిపందెం, అందులో ఓడిన మాచర్లవాళ్ల ఏడేళ్ల వనవాసం, రాయబారం వెళ్లిన అలరాజు చావు, ఈ మూడింటికీ రెండు ఊళ్ల గోడపత్రికలు తయారు కావాలి. నాగమ్మ తప్పంతా నెత్తిన వేయించుకున్న మనిషి. తెలంగాణ వైపు నుంచి వచ్చి గురజాల మంత్రాంగం నడిపిన ఆ ఆడమనిషి పేరును మన ఊళ్లలో ఇప్పటికీ తిట్టుమాటగానే వాడుతున్నారు. గురజాల వార్త రాసేవాళ్లలో ఆడపిల్లలుంటే ఆమె రాజ్యం ఎలా నడిపిందో, ఎవరిని నమ్మలేకపోయిందో తప్పక ఆలోచిస్తారు. నువ్వు తీర్పు చెప్పకు. రెండు పత్రికలూ పక్కపక్కన అంటించి అందరినీ చదవనీ.

ఒక్కచోట మాత్రం నువ్వు గట్టిగా ఉండాలి తల్లీ. ‘పల్నాటి పౌరుషం’ అనే మాట మన పిల్లలు పుట్టినప్పటి నుంచీ వింటున్నారు. కక్షల్లో తండ్రినో, మేనమామనో పోగొట్టుకున్న పిల్ల నీ తరగతిలో ఉండవచ్చు. బాలచంద్రుడు కత్తి దూసినప్పుడు మగపిల్లలు ఈలలు వేస్తారు. ఆ సంతోషాన్ని తప్పుపట్టకు. కానీ మర్నాడు ఆ యుద్ధంలో ఇంటికి తిరిగి వెళ్లినవాళ్ల పేర్లు రాసుకురమ్మను. ఎన్ని దొరుకుతాయో వాళ్లే చూస్తారు. కారంపూడి వీరుల ఉత్సవాలు అయిదు రోజులు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. పోరును ఆపాలని చేసిన ప్రయత్నానికి మన పెద్దలు ప్రత్యేకంగా ఒక రోజు కేటాయించారని పిల్లలకు చెప్పు. ఆ రోజు సంగతి పల్నాడులో కూడా చాలామందికి పట్టదు, నాకు అది బాధ.

ప్రిన్సిపాల్ గారు చట్టం సంగతి అడిగితే చెప్పు. బడి కార్యక్రమంలో భాగంగా, సిబ్బందికీ పిల్లలకూ వాళ్ల తల్లిదండ్రులకూ మాత్రమే సినిమా చూపించడాన్ని 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షను అనుమతిస్తుంది. టికెట్టు పెట్టవద్దు, ఊరందరినీ పిలవవద్దు.

పల్నాటి కథ అయ్యాక ‘రోజులు మారాయి’ వెయ్యి. తాపీ చాణక్య 1955లో తీశారు, సాగర్‌కు శంకుస్థాపన జరిగిన ఏడే. భూమి కోసం రైతులు కలిసి నిలబడిన కథ. పెద్దవాళ్ల దగ్గర కూర్చుని రాసుకొచ్చిన ఆనకట్ట వార్తలు ఆ వారమే గోడ మీద ఉండేలా చూసుకో. ‘మాలపిల్ల’ పై తరగతులకు ఉంచు, దాని గురించి చాలా మాట్లాడాల్సి ఉంటుంది.

కారంపూడి ఉత్సవాలు కార్తీక అమావాస్యకు మొదలవుతాయి. రెండు ‘పల్నాటి యుద్ధం’ సినిమాలూ అప్పటికల్లా పూర్తిచెయ్యి. రాయబారం రోజున పిల్లల్ని కారంపూడి తీసుకెళ్లడానికి అనుమతి ఇప్పటి నుంచే రాసి పెట్టుకో, ఆ రోజుల్లో బస్సులు కిటకిటలాడతాయి. గురజాల విలేకరులూ మాచర్ల విలేకరులూ నోటుపుస్తకాలతో రావాలి. నా ఆరోగ్యం సహకరిస్తే వీరుల గుడి దగ్గర నేనూ కలుస్తాను. లేకపోతే రెండు పత్రికలూ ఫొటోలు తీసి పంపు, తప్పులు దిద్ది తిప్పి పంపుతాను.

ఇట్లు
మీ మాస్టారు