మక్పేలా పొలము – మన వారి సమాధులు

పాఠ్యభాగము: ఆదికాండము 23, 35:16–20, 49:29–32



మనలో అనేకుల కన్నవారు వేలూరులోను, కౌండిన్య నది ఒడ్డునున్న గుడియాత్తములోను నిద్రించుచున్నారు. మనమేమో దూరదేశములలో ఉన్నాము. సమాధిమీద ఒక పువ్వు ఉంచాలన్నా, రాతిమీద చెరిగిన పేరు వ్రాయించాలన్నా మన చేతికి అందదు. ఇట్టి మనకు లేఖనము ఏమి నేర్పుచున్నది?

1. అబ్రాహాము స్థలము కొన్నాడు. శారా 127 ఏండ్లు బ్రతికి హెబ్రోనులో మృతిపొందినప్పుడు, తాను పరదేశినని అతడు హేతు కుమారులతో ఒప్పుకొన్నాడు. ఎఫ్రోను ఊరకే ఇస్తానన్నా పుచ్చుకొనక, 400 తులముల వెండి తూచి యిచ్చి, సాక్షులయెదుట ఆ పొలమును స్వంతము చేసికొన్నాడు.

2. యాకోబు పేర్లు చెప్పాడు. ఐగుప్తులో మరణశయ్యమీద నుండి ఆ పొలమెక్కడున్నది, ఎవరియొద్ద కొన్నది, అందులో ఎవరెవరున్నారు – అబ్రాహాము, శారా, ఇస్సాకు, రిబ్కా, లేయా – అని కుమారులకు వరుసగా చెప్పాడు. ఐగుప్తులో పుట్టిన మనుమలకు ఆ పేర్లు చేరాలంటే ముందు తండ్రులు వినాలి కదా!

3. రాహేలు దారిలోనే ఆగిపోయింది. యాకోబు మిక్కిలి ప్రేమించిన రాహేలు మక్పేలాలో లేదు. బేత్లెహేము మార్గమున ప్రసవవేదనతో మృతిపొందగా, అక్కడే పాతిపెట్టి స్తంభము నిలిపాడు. వైద్యము కొరకు వేలూరు వెళ్లి అక్కడే కన్నుమూసిన వారి కుటుంబములకు ఈ మాట ఆదరణ. మన వారి ప్రక్కన ఉంచలేకపోయినంత మాత్రాన ప్రేమ తక్కువ కాలేదు.

వేలూరు చరిత్రలోను ఇట్టి ఎడబాటు ఉన్నది. మిషనెరీ వైద్యుడైన జాన్ స్కడ్డర్ భార్య హారియెట్ 1849లో మద్రాసులో మరణించారు. ఆయన 1855లో దక్షిణాఫ్రికాలో మరణించారు. వారి మనుమరాలు ఐడా 1900లో వేలూరులో ఒక్క పడకతో ఆరంభించిన పనియే నేటి క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రి.

మనము చేయవలసినది: సమాధికి మ్రొక్కము, మృతులకు ప్రార్థించము, అయితే మరచిపోము. పట్టణములలో చోటు చాలక పాత సమాధులను మరల వాడుట అనేకచోట్ల ఉన్నది. కాబట్టి సమాధి ఉన్న వరుస, పేరు, తేదీలు, రసీదు నకలు కుటుంబ బైబిలులో భద్రపరచుదము. ఊరిలో సమాధిని చూచుకొనే బంధువు అడగకముందే ఖర్చు పంపుదము.

ఆలోచించుటకు:
1. మీ పిల్లలు తాతమ్మల పేర్లు ఎందరివి చెప్పగలరు?
2. మీ వారి సమాధి ఎక్కడున్నదో మీ తరువాత ఎవరికి తెలుసు?